ఆ నీళ్లు యాడికి పోతాయప్పా?

యాత్రాకథనాల మీద అప్పుడప్పుడూ సమీక్షలు రాసే అలవాటుంది నాకు. నాలుగేళ్ల కిందట అలాంటి ఒక సమీక్షలో కొంచెం దురుసుగానే ఒక మాట రాశాను: జలపాతం ఎదురుగా రాగానే తెలుగు యాత్రారచయిత రెండే పనులు చేస్తాడు, పాలనురగతో పోలుస్తాడు, లేకపోతే మాటలకందదని చెప్పి తప్పుకుంటాడు అని. ఒకరిద్దరు మిత్రులు నొచ్చుకున్నారు. "ముందు నువ్వొక జలపాతం చూసి రాయి, అప్పుడు తెలుస్తుంది" అన్నారొకరు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అప్పటికి నేను చెప్పుకోదగ్గ జలపాతమేదీ చూడలేదు. మాది చిలమత్తూరు దగ్గర ఒక పల్లె. నీళ్లు పైనుంచి కిందికి పడడం మాకేమీ తెలీదు. కిందినుంచి పైకి రావడమే మాకు పెద్ద విశేషం.

చిలమత్తూరు తెలియనివాళ్లకి రెండు మాటలు. హిందూపురం నుంచి లేపాక్షి మీదుగా తూర్పుకి వస్తే మా ఊరు. ఇంకొంచెం పోతే బెంగళూరు హైవే, కొడికొండ చెక్‌పోస్టు. హైవే మీద దక్షిణానికి తిరిగితే కర్ణాటక, బాగేపల్లి. 2022లో జిల్లా చీలి మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, మనసులో ఇంకా అనంతపురం జిల్లానే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య మేఘాలు మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఆ పడిన కొద్దిపాటి నీళ్లయినా దాచుకునే నేల కాదు మాది. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద వందల కోట్ల ఏళ్లనాటి బండ. ఆ బండకి నీళ్లు పీల్చుకునే గుణం లేదు. ఎక్కడైనా పగుళ్లుంటే ఆ పగుళ్లలోనే నాలుగు నీళ్లు. బోరు వేయడమంటే కనపడని ఆ పగులు ఎక్కడుందో పందెం కాయడమే.

మా నాయన ఇప్పటికి ఐదుసార్లు పందెం కాశాడు. మొదటి బోరుకి 200 అడుగుల్లోనే నీళ్లు పడ్డాయి. అప్పుడు నేను ఐదో తరగతి. బోరు గొట్టంలోంచి బురదనీళ్లు ఎగజిమ్ముతుంటే ఊరంతా వచ్చి చూసింది. అమ్మ టెంకాయ కొట్టింది. ఆ నీళ్లతో రెండెకరాల మల్బరీ పెట్టారు. పట్టుపురుగులు మేపి, గూళ్లు హిందూపురం మార్కెట్‌కి వేసి, ఆ డబ్బుతోనే నన్ను ఇంజనీరింగ్ చదివించారు. ఆ బోరు ఎండాక రెండోది, మూడోది. ఐదోది 1,100 అడుగులు దాటినా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ప్రస్తుతం నాలుగో బోరు రోజుకి గంటసేపు దగ్గుతూ పోస్తుంది. మిగతా రెండెకరాల్లో చెనిక్కాయ, అది వాన దయ.

కిందటి మే నెలలో నాయన ఫోన్ చేసి ఆరో బోరు వేద్దామన్నాడు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూసే మనిషి ఈశాన్యం మూల గట్టిగా చెప్పాడట. రెండు లక్షలు కావాలి. నేను లెక్కలు చెప్పాను. ఐదు బోర్ల ఖర్చు, వాటి మీద వడ్డీ, సక్సెస్ రేటు, అన్నీ. చివర్లో అనకూడని మాట ఒకటి అన్నాను. "రెండు లక్షలు బండలో పోయడం కన్నా బ్యాంకులో వేసుకుని కూర్చోవడం మేలు నాయనా. ఆ పొలం మీద నువ్వు సంపాదించిందేముంది?" అన్నాను. సంపాదించింది నేనే కదా అన్న సంగతి ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు. నాయన ఏమీ అనలేదు. ఆ తర్వాత రెండు నెలలపాటు అమ్మే ఫోన్ ఎత్తేది. "పొలం కాడికి పోయినాడు" అనేది.

జూన్‌లో కంపెనీవాళ్లు ప్రాజెక్టు పని మీద నాలుగు నెలలకి మారిషస్ పంపించారు.

*

మారిషస్ అనగానే హనీమూన్ ప్యాకేజీలు, సముద్రతీరాలు గుర్తొస్తాయి. నా ఆఫీసు మాత్రం ద్వీపం మధ్యలో, ఎబెన్ సైబర్‌సిటీలో. అద్దె గది వాక్వాలో, అంటే ఇంకా ఎత్తులో. ద్వీపం నడుమ ఒక పీఠభూమి ఉంది. ఆగ్నేయం నుంచి సముద్రం మీదుగా వచ్చే గాలి ఈ ఎత్తు ఎక్కేటప్పుడు చల్లబడి, మబ్బై, తుంపరై పడుతూనే ఉంటుంది. జులై అక్కడ చలికాలం. పొద్దున కిటికీ తీస్తే ఎదురింటి గోడ కనపడదు. ఉతికిన చొక్కా మూడు రోజులైనా ఆరదు. ఈ పీఠభూమిలో కొన్నిచోట్ల ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుందని తెలిసి, అలవాటు కొద్దీ మా ఊరి లెక్కలో భాగించి చూశాను. మాకు ఏడేళ్లకి పడే వాన.

మా టీమ్‌లో ఒక మారిషస్ తెలుగు కుర్రవాడు ఉన్నాడు. అతని ఇంటిపేరు నిజానికి ఎప్పుడో ఓడ దిగిన ముత్తాత పేరు. అక్కడ చాలామంది తెలుగువాళ్లకి అంతే. ఇంట్లో మాట్లాడేది క్రెయోల్, ఆఫీసులో ఇంగ్లీషు, ఫ్రెంచి. బడిలో కొన్నేళ్లు తెలుగు చదివాడు. అక్షరాలు చదవగలడు, అర్థం కావాలంటే కష్టం. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. రామభజనం చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నని కొలుస్తారు. నన్ను "అన్నయ్యా" అని పిలిచేవాడు. ఆ 'అన్నయ్య' ఉత్తరాంధ్రది, మాది కాదు. మా ఊళ్లో అయితే 'అన్నా' అంటారు. ఐదారు తరాల కిందట అక్కడికి చేరిన ఒక పిలుపు చెక్కుచెదరకుండా ఉండడం నాకు ముచ్చటేసింది.

అతనే ఒక ఆదివారం సెత్ కాస్కాద్‌కి పోదామన్నాడు. అంటే ఏడు జలపాతాలు. ఏడని పేరే గానీ, లెక్కపెట్టే మనిషిని బట్టి ఇంకా ఎక్కువే వస్తాయట. ఇంగ్లీషులో వాటిని టామరిండ్ ఫాల్స్ అంటారు. చింతచెట్టు పేరున్న నది, చింతచెట్టు పేరున్న జలపాతం. అసలు ఆ 'టామరిండ్' అన్న మాటే అరబ్బీలో 'హిందూదేశపు ఖర్జూరం' నుంచి వచ్చింది. చింతపండు మార్కెట్‌కి పేరుపడ్డ హిందూపురం నుంచి వచ్చినవాణ్ని నేను. ఈ బంధుత్వం చాలు, పోదాం పద అన్నాను.

*

వాక్వా నుంచి ఆంరియెట్టా అనే ఊరిదాకా బస్సు. అక్కణ్నుంచి నడక. మొదటి అరగంట అడవే లేదు, అంతా చెరకు. మనిషి కంటే ఎత్తు పెరిగిన చెరకు మధ్యలో కాలిబాట. చేల నడుమ అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు కనపడ్డాయి. కొన్ని పద్ధతిగా, పిరమిడ్‌లా పేర్చి ఉన్నాయి. ఇదేదో పురాతన కట్టడమా అని అడిగాను. అతను నవ్వాడు. "కాదు అన్నయ్యా. చేలల్లోంచి ఏరిన రాళ్లు. మావాళ్లు ఏరినవే."

ఆ ద్వీపం అగ్నిపర్వతం వల్ల పుట్టింది. నేలంతా నల్లటి బసాల్ట్ రాయి. చెరకు వేయాలంటే ముందు రాళ్లు ఏరాలి. 1834లో అట్లాస్ అనే ఓడలో ఒప్పందకూలీలు రావడం మొదలై, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల వరకు దాదాపు 4,50,000 మంది హిందూదేశం నుంచి ఆ ద్వీపంలో దిగారు. మామూలుగా ఐదేళ్ల ఒప్పందం, మగకూలీకి నెలకి ఐదు రూపాయలు. ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలీ కోత. వాళ్లలో మనవాళ్లకి కోరంగి రేవు పేరు మీద 'కోరంగీలు' అని పేరు పడింది. ఆ గుట్టలు వాళ్లూ, వాళ్ల పక్కన పనిచేసిన బిహారీలూ తమిళులూ చేత్తో ఏరి పోసినవి.

నేను ఆగి ఒక గుట్ట మీద చెయ్యి పెట్టాను. తడిగా, నాచు పట్టి ఉంది. మా చేను గట్టు మీదా ఇలాంటి గుట్ట ఒకటుంది. నాయనా, జేజనాయనా ఏరిన రాళ్లు. అది ఇంత అందంగా పేర్చి ఉండదు, రాయి కూడా ఎర్రగా ఉంటుంది. వేసవి సెలవుల్లో రోజుకి వంద రాళ్లు ఏరితే నాయన నాకు ఐస్‌ఫ్రూట్‌కి డబ్బులిచ్చేవాడు. ఫోటో తీసి నాయనకి పంపుదామనుకున్నాను. రెండు నెలలుగా మాట్లాడని మనిషికి రాళ్ల ఫోటో ఏం పంపిస్తాంలే అని మానేశాను.

చెరకు అయిపోయాక నేల ఒక్కసారిగా లోయలోకి దిగిపోతుంది. అక్కడ మొదలవుతుంది అడవి, అక్కడే మంచు కూడా. పది అడుగుల ముందున్న మనిషి మసకగా కనపడతాడు, ఇరవై అడుగుల్లో మాయమవుతాడు. బాటంతా జారుడు బురద, అడ్డంగా వేళ్లు. నిట్టనిలువుగా ఉన్నచోట వేళ్లకి తాళ్లు కట్టి ఉన్నాయి. అవి పట్టుకుని వెనక్కి తిరిగి దిగాలి. నా స్పోర్ట్స్ షూ మొదటి పది నిమిషాల్లోనే నన్ను రెండుసార్లు కూర్చోబెట్టాయి. ఆకుల మీంచి నీటిబొట్లు మెడలోకి పడుతుంటే, వానలేవీ లేవని ఫోన్ చూపిస్తోంది. వాన లేకుండా తడవడం నాకు కొత్త. మబ్బులోనే నడుస్తున్నామని అర్థమవడానికి కొంతసేపు పట్టింది.

ఆ అడవిని చూసి నేను 'ఆదిమ', 'కన్య' లాంటి మాటలు మనసులో కూర్చుకుంటున్నాను. అతను ఒక పొద దగ్గర ఆగి ఎర్రటి చిన్న కాయలు కోసి ఇచ్చాడు. చైనా జామ అంటారు వాళ్లు. రేగిపండంత ఉంటుంది, పుల్లతీపి. జేబులోంచి పొట్లం తీశాడు. ఉప్పూ కారం! చలికాలం వస్తే కుటుంబాలు కుటుంబాలు కొండలెక్కి ఈ కాయలు కోసుకుని, ఉప్పూ కారం అద్దుకుని తింటారట. చాలా బాగుంది, ఈ అడవి కాయ అన్నాను. "ఇది మా అడవిది కాదన్నయ్యా, బ్రెజిల్‌ది. ఇదే మా అడవిని తినేస్తోంది" అన్నాడు. ఆ చుట్టుపక్కల చూపించుకుంటూ వచ్చాడు. ఈ విసనకర్ర లాంటి చెట్టు మడగాస్కర్‌ది. ఇక్కడ తిరిగే జింకలూ, మనం దాటొచ్చిన చెరకూ 1639లో డచ్చివాళ్లు జావా నుంచి తెచ్చినవి. వాళ్లే ఎబొనీ చెట్లు నరికి ఓడలకెక్కించారు. డోడో పక్షి అప్పుడే పోయింది. ద్వీపం మొత్తం మీద సొంత అడవి ఇప్పుడు నూటికి రెండు పాళ్లు కూడా లేదు. మిగిలిందాన్ని కాపాడడానికే 1994లో బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయోద్యానం పెట్టారు. అక్కడ కూలీలు ఇప్పటికీ కంచెలు వేసి ఈ జామ మొక్కల్ని పీకుతూ ఉంటారు.

నేను కూర్చుకున్న మాటలు మళ్లీ విప్పేసుకున్నాను. చూడ్డానికి ఎంత పచ్చగా ఉంటే అంత పురాతనం అనుకోవడం మా ఎండు నేలవాళ్ల అమాయకత్వం కాబోలు. మా ఊరి ముళ్లకంపలు, గుట్టల మీద తంగేడు, అవే అసలైన పాతకాపులేమో.

*

చప్పుడు ముందు వినపడింది. హైవే మీద లారీలు ఆగకుండా పోతున్నట్లుగా. తర్వాత మంచు ఒక పక్కకి జరిగింది, ఎవరో దుప్పటి లాగినట్లు. లోయకి అవతలి గోడ మీద నీళ్లు కనపడ్డాయి. ఒక మెట్టు మీంచి పడి, గుండంలో నిలిచి, అక్కణ్నుంచి పొర్లి ఇంకో మెట్టు, ఇంకో గుండం. కింద ఎక్కడో చివరి మెట్టు దగ్గర మళ్లీ మంచు. తెల్లగా, పొడుగు తోకతో ఒక పక్షి లోయలో తేలుతూ పోయింది, చప్పుడు లేకుండా. అది సముద్రపక్షి, గూడు మాత్రం ఈ గోడల్లో పెట్టుకుంటుందట.

పాలనురగ లాగే ఉంది. ఒప్పేసుకుంటున్నాను. మిత్రులకి క్షమాపణలు.

రెండో మెట్టు గుండం దాకా దిగాం. నీళ్లలో కాళ్లు పెట్టాను. మోకాళ్ల దాకా జివ్వుమంది. పడుతున్న నీళ్లని అలా చూస్తూ ఉంటే నాకు కలిగింది ఆనందమని చెబితే అబద్ధం. మొదట ఒకరకమైన కంగారు కలిగింది. చిన్నప్పుడు ట్యాంకర్ దగ్గర గొట్టం కట్టేయకుండా వదిలేస్తే పెద్దవాళ్లు అరిచేవాళ్లు చూడండి, అలాంటి కంగారు. ఎవరైనా కట్టేయరేం? రాత్రంతా ఇలాగే పోతుందా? ఆ తర్వాత కోపం. ఎవరి మీదో తెలీదు. ఒక్క నిమిషం నీళ్లు, ఈ ఒక్క నిమిషం నీళ్లు మా చేలో పడితే ఒక గూళ్ల పంట ఒడ్డెక్కుతుంది. విద్వాన్ విశ్వం మా అనంతపురంవాడు. ఆయన నీళ్లు లేని నది మీద 'పెన్నేటి పాట' రాశాడు. మాకు నీటి మీద ఉన్న సాహిత్యమంతా నీళ్లు లేకపోవడం మీద రాసిందే. నీళ్లున్నప్పుడు ఏమనాలో మాకు రాదు.

నలభై సెకన్ల వీడియో తీశాను. పై మెట్టు నుంచి కింది మంచు దాకా. సిగ్నల్ ఉన్నచోటికి ఎక్కి వచ్చాక, ఆలోచించకుండా నాయనకి పంపించేశాను. పంపించాక భయమేసింది. బోరుకి డబ్బు ఇవ్వని కొడుకు జలపాతం వీడియో పంపించాడు. ఎలా తీసుకుంటాడు?

*

సాయంత్రం ఆరున్నరకి గదిలో బురద షూ కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. మా ఊళ్లో ఎనిమిది. నాయన.

"చూసినాలే నీ ఈడియో."

"బాగుందా నాయనా?"

"వాన పడతాండాదా ఆడ?"

"వాన కాదు, మంచు. తుంపర లాగా."

"ఊఁ." కాసేపు ఏమీ అనలేదు. వెనక అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. తర్వాత అడిగాడు. "ఆ నీళ్లు యాడికి పోతాయప్పా?"

"ఎక్కడికంటే... కిందికి పోతాయి."

"కిందికి పోక పైకి పోతాయా? కింద ఏముండాది? చెరువుండాదా, మడి ఉండాదా, ఊరికే సముద్రంలోకి పోతాయా?"

నాకు తెలీదు. మూడు గంటలు దిగి, మూడు గంటలు ఎక్కి, అరవై ఫోటోలు తీసి, ఆ నీళ్లు ఎక్కడికి పోతాయని ఒక్కసారి కూడా అడగలేదు నేను. ఆ మాటే చెప్పాను.

"కనుక్కోని చెప్పు" అని పెట్టేశాడు. రెండు నెలల తర్వాత నాయన నన్ను అడిగిన మొదటి సంగతి అది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చాడు. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ పోయి వచ్చిన మనిషి. తెలుగులో యాత్రాకథనాలకి పెద్ద ఆయన. నేను ఆయన పుస్తకం మీద కూడా రాశాను, అప్పుడు విసుక్కున్నాను కూడా. ప్రతి మజిలీలోనూ అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, బావి ఉందా, చెరువుందా, నీళ్లు మంచివా అన్న గొడవేమిటి, ఇదేం సాహిత్యం అని. పెద్ద పరివారాన్ని వెంటేసుకుని పోతున్న మనిషికి ఆ ఊరి సంగతంతా ఆ బావిలోనే ఉందన్న ఊహ అప్పుడు నాకు రాలేదు. నాయన అడిగిన ప్రశ్న ఆ బాపతుదే. జలపాతాన్ని చూసేవాడికి అది పడేచోటే అంతం. నీళ్లు వాడుకునేవాడికి అక్కణ్నుంచే మొదలు.

*

కనుక్కున్నాను. మ్యాపు చూస్తే సగం తెలిసింది. మెట్లన్నీ దిగిన నీళ్లు అడుగున ఒక చిన్న జలాశయంలో చేరతాయి. అక్కడ వాటితో కరెంటు తీస్తారు. తర్వాత పడమటి తీరంలో పొలాలకి పారిస్తారు. మిగిలింది టామరిన్ అనే ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ పడమటి తీరం మాలాగే కొండ చాటు ప్రదేశం. మబ్బులన్నీ పీఠభూమి మీదే ఖాళీ అయిపోయి, అక్కడికి 800, 900 మిల్లీమీటర్లు మించి చేరదు. పైన చొక్కా ఆరదు, గంట ప్రయాణంలో కింద గడ్డి ఎండి ఉంటుంది. ఇంత వాన పడే దేశంలోనూ అక్టోబరు, నవంబరు వస్తే కొళాయిలు కట్టేస్తారని, ఇంటింటికీ పైన ట్యాంకు ఉండేది అందుకేనని అప్పుడే తెలిసింది.

మిగతా సగం ఆ కుర్రవాడి నాయనమ్మ చెప్పింది. వచ్చే ఆదివారం వాళ్లింటికి తీసుకుపోయాడు. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు పడమటి తీరంలో చెరకు చేలల్లో కలుపు తీసింది. ఆమె క్రెయోల్‌లో చెబితే మనవడు ఇంగ్లీషులోకి మార్చాడు. నేను వెళ్లగానే అడిగిన మొదటి మాట, మీ ఊరి నుంచి సింహాచలం ఎంత దూరమని. దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లని చెబితే ఆమె మొహంలో నిరాశ కనపడింది. తెలుగువాడంటే సింహాచలం పక్కనే ఉంటాడనుకున్నట్లుంది. నా యాస ఆమెకి అసలు అర్థం కాలేదు. భజనలో పాడే మాటలు తప్ప ఆమెకి తెలుగు ఎక్కువ రాదు. 'నీళ్లు' మాత్రం తెలుసు. గ్లాసు అందిస్తూ ఆ మాటే అంది.

జలపాతం నీళ్లు కాలవలో వచ్చేవా మీ దగ్గరికి అని అడిగాను. వచ్చేవంది. కాలవ పక్కనే పని చేసేవాళ్లమంది. మరి ఇంటికి తెచ్చుకునేవాళ్లా? ఆమె తల అడ్డంగా ఊపింది. మనవడు అనువదించాడు: "కాలవలో నీళ్లు చెరకువి అంటోంది. మావి కావు అంటోంది. మా నీళ్లకి వేరే పోయేవాళ్లం, బకెట్‌తో, కొళాయి దగ్గర వరసలో."

ఆ సాయంత్రం నాయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను. జలాశయం, కరెంటు, చెరకు, ముసలామె, బకెట్. నాయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. ఆ చెరకు మడి ఎవరిది అని మాత్రం అడిగాడు. పెద్ద పెద్ద ఎస్టేట్లవాళ్లది, కొందరు చిన్న రైతులూ ఉన్నారని చెప్పాను.

"నీరు పల్లమెరుగంటారు" అన్నాడు చివరికి. "పల్లం యాడుండాలో పెద్దోళ్లకి తెలుసు."

హంద్రీ-నీవా సంగతి ఆయన మనసులో ఉండి ఉంటుంది. శ్రీశైలం వెనకనుంచి కృష్ణానీళ్లని పంపుల మీద పంపులు పెట్టి, మెట్టు మెట్టుగా మా జిల్లా ఎత్తుకి ఎక్కిస్తారు. మారిషస్‌లో నీళ్లు మెట్లు దిగుతాయి, మా దగ్గర మెట్లెక్కుతాయి. ఎక్కే నీళ్లయినా దిగే నీళ్లయినా ఎవరి చేను ముందు తడవాలన్నది వాలు ఒక్కటే నిర్ణయించదు.

అప్పుడు అన్నాను. "నాయనా, ఆ బోరుకి డబ్బు పంపిస్తా."

"ఇప్పుడొద్దు."

"మే నెలలో అట్లా అనకూడదు నేను."

"అనినావు. లెక్క తప్పేమీ చెప్పలేదు నువ్వు" అన్నాడు. కొంచెం ఆగి, "ఆ ఈడియోలో, పడే ప్రతి చోటా కింద గుంత ఉండాది చూసినావా? ఆ గుంత లేకపోతే నీళ్లు ఆగేవి కావు, ఒకే ఊపున పొయ్యేవి" అన్నాడు.

నేను చూడలేదు. అంటే చూశాను, గుండం అందంగా ఉందని చూశాను.

*

అక్టోబరులో తిరిగొచ్చాను. బెంగళూరు ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఊరికి. దారిలో చెరువులు చూసుకుంటూ వచ్చాను, కొన్నింట్లో అడుగున కొద్దిగా నీళ్లు. మా మండలంలోనే వీరాపురం ఉంది. ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊళ్లోని చెట్ల మీద గూళ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని పోతాయి. సైబీరియా నుంచి వస్తాయని మా వైపు చెప్పుకుంటారు గానీ, అవి మన దేశపు పక్షులే. చెరువుల్లో నీళ్లుంటే చేపలు, చేపలుంటే పిల్లలు బతుకుతాయి. నీళ్లున్నచోటికి పోయి, పని అయ్యాక తిరిగి రావడం మా వైపు పక్షులకీ మనుషులకీ ఒకటే బతుకు.

చేలోకి పోతే, పల్లం మూలన పంటకుంట తవ్వి ఉంది. ఇన్నేళ్లుగా నేనూ, ఊళ్లోకి వచ్చిన అధికారులూ ఎంత చెప్పినా, ఐదు సెంట్ల నేల గుంత పాలు చేయనని మొండికేసిన మనిషి మా నాయన. గట్టు మీది రాళ్ల గుట్టలో సగం కరిగిపోయింది. ఆ రాళ్లు కుంట కట్టకి పేర్చాడు. సెప్టెంబరులో పడిన ఒక్క పెద్ద వానకి నిండిందట. తొమ్మిది రోజులు నిలిచిందట. ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే వచ్చి కట్ట మీద కూర్చునేవాడని అమ్మ చెప్పింది. నేను పోయేసరికి అడుగున నెర్రెలు విచ్చిన బురద ఉంది.

దీంతో మల్బరీ తడవదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నాలుగో బోరు ఇప్పుడు అరగంటే పోస్తోంది. ఆరో బోరు మాట ఇంకా తేలలేదు. సంక్రాంతి గూళ్లు అమ్మాక కూర్చుని మాట్లాడుకుందామనుకున్నాం. ఈసారి లెక్కల కాగితం నేను తీసుకుపోను, ఆయన్నే చెప్పమంటాను.

బయల్దేరే రోజు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. టీ అంగడిలో నాయనకి తెలిసినవాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. నాయన ఫోన్ తీసి వాళ్లకి ఆ వీడియో చూపించడం మొదలుపెట్టాడు. చాలాసార్లు చూపించినట్లే ఉంది, వేలు నేరుగా అక్కడికే పోయింది. బాగుందనీ, మాటలకందదనీ ఏమీ చెప్పలేదు. "ఇది ఒకటో మెట్టు. ఇది రెండు. ఆడ మబ్బులో కనపడదు గానీ ఇంకా ఐదుండాయి. అడుగున చెరువుండాది. ఆడ కరెంటు తీస్తారు. ఆన్నుంచి కాలవ పడమటికి పోతాది, ఆడ వాన తక్కువ, మన మాదిరే. చెరకు పెడతారు. మన తెలుగోళ్లే రాళ్లేరి చేను చేసినారు. కాలవ నీళ్లు మాత్రం వాళ్లకి ఇయ్యలేదంట" అన్నాడు.

ఒకాయన అడిగాడు. "ఇప్పుడన్నా ఇస్తాండారా?"

నాయన నా వైపు చూశాడు. అది నేను కనుక్కోలేదు.